పల్లె నియోజకవర్గం ఎంపీ ఆఫీసు: అర్జీ అందిన రోజు నుంచి ఢిల్లీ జవాబు దాకా

పల్లెలే ఎక్కువగా ఉన్న లోక్‌సభ నియోజకవర్గంలో ఎంపీ ఆఫీసు పని చూడబోయేవాళ్ల కోసం రాసింది ఇది. కొత్తగా చేరిన పీఏలు, మండలాల్లో తిరిగే కోఆర్డినేటర్లు, ఢిల్లీ క్వార్టర్లో కంప్యూటరు ముందు కూర్చునే కుర్రాళ్లు ముందుగా చదవాలి. అర్జీలిచ్చే సర్పంచులు చదివినా నష్టం లేదు. బల్లకు అవతల ఏం జరుగుతుందో తెలిసినవాళ్ల అర్జీ కాస్త ముందే కదులుతుంది.

మొదట నేల కొలత తెలియాలి. ఆంధ్రప్రదేశ్‌లో 25, తెలంగాణలో 17 లోక్‌సభ స్థానాలు. రెండు రాష్ట్రాల్లోనూ ఒక్కో స్థానం కింద ఏడేసి అసెంబ్లీ సెగ్మెంట్లు. ఆంధ్రలో 2022 ఏప్రిల్‌లో జిల్లాలను 26 చేసినప్పుడు చాలావరకు ఎంపీ సీటునే లెక్కలోకి తీసుకున్నారు కాబట్టి ఎక్కువచోట్ల ఒక్క కలెక్టరేటుతో పని గడుస్తుంది. తెలంగాణలో అలా కుదరదు. నాగర్‌కర్నూల్ సీటు తీసుకోండి. నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల మూడు జిల్లాలు అనుకుంటాం. కానీ కల్వకుర్తి సెగ్మెంటులో ఆమనగల్లు వైపు మండలాలు రంగారెడ్డి జిల్లాలో ఉన్నాయి. అంటే నాలుగో కలెక్టరేటు కూడా మీదే. ఆదిలాబాద్ సీటులో ఖానాపూర్ సెగ్మెంటుకు చెందిన జన్నారం మంచిర్యాల జిల్లాలో ఉంటుంది. కొత్తవాళ్లు పొరపాటు చేసేది ఇలాంటి మండలాల దగ్గరే. లెటరు ఒక కలెక్టరుకు పోతుంది, ఊరేమో ఇంకో కలెక్టరుది, నెలరోజులు వృథా. అందుకే చేరిన మొదటి వారంలోనే గోడకు ఒక చార్టు తగిలించండి. మండలం, అసెంబ్లీ సెగ్మెంటు, జిల్లా, రెవెన్యూ డివిజన్, ఆ మండలం మీదుగా పోయే జాతీయ రహదారి నంబరు, రైల్వే డివిజన్. ఈ ఆరు గళ్లు చాలు.

డబ్బు సంగతి కూడా తెలుసుకోండి. 2023 ఏప్రిల్ 1 నుంచి వర్తించేలా పెంచిన లెక్కలో ఎంపీకి ఆఫీసు ఖర్చు కింద నెలకు వచ్చేది 75,000 రూపాయలు. అందులో 50,000 సిబ్బందికి, 25,000 స్టేషనరీకి. నియోజకవర్గం అలవెన్సు 87,000 వేరు. ఏడు సెగ్మెంట్లకు ఇది ఏ మూలకూ చాలదు. ఉన్న ఇద్దరు ముగ్గురికి పని స్పష్టంగా పంచాలి. లెటర్లు ఒకరు, ఎంపీల్యాడ్స్ (ఎంపీ సిఫారసుతో నియోజకవర్గంలో పనులకు ఖర్చయ్యే నిధులు) ఒకరు, పార్లమెంటు పని ఒకరు. అందరూ అన్నీ చూస్తామంటే ఎవరూ ఏదీ చూడరు.

అర్జీ చేతికి రాగానే

ఊళ్లో కార్యక్రమం అయిపోయి కారెక్కేసరికి ఎంపీ చేతిలో నలభై కాగితాలుంటాయి. సగం కాగితాల మీద ఫోన్ నంబరు ఉండదు. కొన్నింటి మీద ఊరి పేరు ఉంటుంది గానీ మండలం ఉండదు. రామాపురం అనే పేరుతో ఎన్ని ఊళ్లున్నాయో తెలిసినవాళ్లకు ఈ బాధ అర్థమవుతుంది. కాబట్టి ఎంపీ పక్కన నిలబడేవాడి జేబులో ఎర్ర పెన్ను ఉండాలి. కాగితం అందిన వెంటనే, ఇచ్చినవాళ్లు ఎదురుగా ఉండగానే, వెనకవైపు నాలుగు సంగతులు రాసేయాలి: ఫోన్ నంబరు, ఊరు-మండలం, తేదీ, ఇదే అర్జీ ఇంకెవరికి ఇచ్చారు. నాలుగోది అడగడం మరిచిపోవద్దు. ఒకే అర్జీ ఎమ్మెల్యేకు, ఎంపీకి, కలెక్టరుకు ఇవ్వడం మామూలే, తప్పేమీ కాదు. కానీ సోమవారం కలెక్టరేటు గ్రీవెన్స్‌లోనో, ప్రజావాణిలోనో ఇప్పటికే ఇచ్చి ఉంటే ఆ రసీదు నంబరు మీ లెటర్లో ఉండాలి. అది లేకపోతే కింది ఆఫీసు దాన్ని కొత్త ఫైలుగా మొదలుపెడుతుంది.

ఆఫీసుకు వచ్చాక మూడు కట్టలు కట్టండి. పింఛను, ఇళ్ల పట్టా, రేషన్ కార్డు, భూమి రికార్డు, పోలీసు కేసు ఇవన్నీ రాష్ట్రం చేతిలోవి. రైలు, జాతీయ రహదారి, పోస్టాఫీసు, బ్యాంకు, పీఎఫ్, పాస్‌పోర్టు, బీఎస్ఎన్ఎల్ టవరు కేంద్రానివి. మూడో కట్టలో వైద్యం, దర్శనం లెటరు, రైలు ఎమర్జెన్సీ కోటా లాంటి సొంత పనులు. మొదటి కట్టకు ఎంపీ చేయగలిగింది కలెక్టరుకో, ఆర్డీవోకో లెటరు రాయడమే. అర్జీదారుకు ఆ మాట మొహం మీదే చెప్పండి. "చూద్దాం లెండి" అని పంపితే ఆరు నెలలు తిప్పించినట్టవుతుంది. దర్శనం లెటర్లకు రోజుకు ఇన్ని అని హద్దు పెట్టుకుని ఒకరికి అప్పగించండి. లేకపోతే ఆఫీసు మొత్తం ఆ ఒక్క పనే చేస్తుంది. కేంద్రీయ విద్యాలయం సీటు కోసం ఇప్పటికీ వస్తుంటారు. ఎంపీకి ఉన్న పది సీట్ల కోటా 2022లోనే తీసేశారు. ఆ సంగతి ఒక కాగితం మీద రాసి తలుపుకు అంటించినా మంచిదే.

రిజిస్టరు తప్పనిసరి. ఎక్సెల్ షీటైనా, పొడుగు నోటుబుక్కైనా సరే. నంబరు ఇలా వేయండి: మండలం మూడక్షరాలు, సంవత్సరం, వరుస సంఖ్య. పక్కన ఎవరికి రాశాం, ఏ తేదీన, జవాబు వచ్చిందా, వస్తే ఏమని. చివర "మళ్లీ చూడాల్సిన తేదీ" అని ఒక గడి ఉండాలి. ఈ గడి లేని రిజిస్టరు ఉన్నా లేనట్టే.

లెటరు

ఒక లెటరు, ఒక విషయం. రైలు హాల్టు, అండర్‌బ్రిడ్జి, స్టేషన్లో మరుగుదొడ్డి మూడూ కలిపి రాస్తే మంత్రి ఆఫీసులో ఆ లెటరు మూడు సెక్షన్ల మధ్య తిరుగుతుంది, ఏ ఒక్కరూ పూర్తి జవాబు రాయరు. ఒక్క పేజీ దాటొద్దు. మొదటి పేరాలో ఏం కావాలో చెప్పేయాలి, రెండో దాంట్లో ఎందుకో, మూడో దాంట్లో ఇప్పటిదాకా జరిగిన ఉత్తరప్రత్యుత్తరాల తేదీలు, నంబర్లు. పొగడ్తలు అక్కర్లేదు.

ఎంపీ రాసిన లెటరుకు కేంద్ర ప్రభుత్వ శాఖలు 15 రోజుల్లో అందినట్టు తెలపాలి, ఆ తర్వాత 15 రోజుల్లో జవాబు పంపాలి. ఆఫీసు పద్ధతుల మాన్యువల్లో ఉన్న నిబంధన ఇది. జరిగేది మాత్రం వేరు. మొదట మంత్రి సంతకంతో "మీ లెటరు అందింది, సంబంధిత విభాగానికి పంపుతున్నాం" అని రెండు లైన్లు వస్తాయి. చాలామంది దాన్నే జవాబు అనుకుని వాట్సాప్‌లో పెట్టి, పేపర్లో వేయించి, ఫైలు మూసేస్తారు. అది జవాబు కాదు. రిజిస్టర్లో "అందినట్టు" అని మాత్రమే రాసి, నెల తర్వాతి తేదీని చివరి గడిలో వేయండి. ఆ రోజు వచ్చేసరికి ఏమీ రాకపోతే పాత లెటరు నంబరు, తేదీ పెట్టి రిమైండరు. రెండు రిమైండర్లకూ కదలకపోతే అది ఇక పార్లమెంటు ప్రశ్నకు పండిన విషయం.

ఎంపీల్యాడ్స్: అయిదు కోట్లు ఎలా కరుగుతాయి

ఈ పథకం 1993 డిసెంబరులో మొదలైంది. 2011-12 నుంచి ఎంపీకి ఏడాదికి 5 కోట్లు. వినడానికి పెద్ద మొత్తం. భాగించి చూడండి. ఏడు సెగ్మెంట్లకు సెగ్మెంటుకు 71 లక్షలు. నియోజకవర్గంలో 35 మండలాలుంటే మండలానికి 14 లక్షల చిల్లర. అదీ ఏడాదంతటికీ. ఇందులో ఎస్సీలు ఉండే ప్రాంతాలకు 15 శాతం, అంటే 75 లక్షలు. ఎస్టీ ప్రాంతాలకు 7.5 శాతం, అంటే 37.5 లక్షలు. ఈ లెక్క ఏడాది చివర చూసుకుంటే దొరకదు. మొదటి జాబితాలోనే పెట్టండి.

ఎంపీ చేసేది సిఫారసు మాత్రమే. మంజూరు చేసేది కలెక్టరు. చేయించేది పంచాయతీరాజ్ ఇంజినీర్లు, గ్రామీణ నీటి సరఫరా విభాగం లాంటి సంస్థలు. జిల్లాలో ఫైలు నడిపేది చీఫ్ ప్లానింగ్ ఆఫీసరు, అందరూ సీపీవో అంటారు. ఆ సెక్షన్లో పని చూసే ఉద్యోగి ఫోన్ నంబరు మీ దగ్గర ఉండాలి, వారానికోసారి మాట్లాడాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. సిఫారసు, మంజూరు, చెల్లింపు అన్నీ ఈ-సాక్షి పోర్టల్లోనే. వెనకటిలా జిల్లా ఖాతాకు విడతలుగా డబ్బు రావడం, వడ్డీ చేరడం, పాత యూసీ (డబ్బు ఖర్చయినట్టు ధ్రువపత్రం) రాలేదని కొత్త విడత ఆగడం లాంటివి పోయాయి. లాగిన్ ఓటీపీ ఎంపీ ఫోనుకే వస్తుంది. ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటుందో వాళ్లే నిజంగా సిఫారసు చేస్తున్నట్టు లెక్క. ఈ విషయంలో ఎంపీ గారు మొహమాటపడకూడదు. సిఫారసు ఎంపీదే కావాలి, ప్రతినిధి సంతకం చెల్లదు.

నియోజకవర్గం రెండు మూడు జిల్లాల్లో ఉంటే ఒక జిల్లాను నోడల్‌గా, అంటే ఈ నిధుల పని మొత్తం కలిపి చూసే జిల్లాగా, ఎంచుకోవాలి. పెద్ద జిల్లాను కాదు, సీపీవో ఆఫీసు చురుగ్గా ఉన్న జిల్లాను ఎంచుకోండి.

సిఫారసు చేసే లైను ఎలా రాయాలన్నది చాలా ముఖ్యం. "ఫలానా గ్రామంలో సీసీ రోడ్డు, 5 లక్షలు" అని రాస్తే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఊరికి వెళ్లి సర్పంచిని అడుగుతాడు, సర్పంచి తన వీధి చూపిస్తాడు. ఇలా రాయండి: "ఫలానా గ్రామం ఎస్సీ కాలనీలో అంగన్‌వాడీ కేంద్రం నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకు వరకు సీసీ రోడ్డు, పొడవు 100 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు." మొదలు, చివర, పొడవు, వెడల్పు. 15 సెంటీమీటర్ల మందంతో వేస్తే అది 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. రేపు కాలనీవాళ్లే టేపు పట్టుకుని కొలుచుకోగలరు. గుర్తు కోసం గుడి, మసీదు, చర్చి పేరు రాయకపోవడం మేలు. మత స్థలాల్లో పనులకు ఈ నిధులు వాడకూడదు కాబట్టి పనిపేరులో ఆ మాట కనబడితే సీపీవో ఆఫీసు వివరణ అడగవచ్చు, అనవసరపు ఆలస్యం.

మంజూరుకు గడువు 45 రోజులు. అది దాటిందంటే కారణం మూడింటిలో ఒకటి. స్థలం పంచాయతీది కాకపోవడం మొదటిది. కమ్యూనిటీ హాలుకు ఎవరో పెద్దాయన నోటిమాటగా ఇచ్చిన జాగా పనికిరాదు, పంచాయతీ పేరున రిజిస్టరు కావాలి. రెండోది, కట్టాక నిర్వహణ ఎవరు చూస్తారో రాతపూర్వకంగా లేకపోవడం. బోరు వేయించి మోటారు బిగిస్తే కరెంటు బిల్లు ఎవరు కడతారు? పంచాయతీ తీర్మానం కాపీ సిఫారసుతోపాటే తీసుకోండి. మూడోది, ఎస్టిమేట్ సిఫారసును మించడం. మీరు 5 లక్షలు రాస్తే ఇంజినీరు 6.2 లక్షలు వేస్తాడు, ఫైలు అక్కడే పడుకుంటుంది. కాబట్టి సిఫారసుకు ముందే ఏఈతో ఒక కచ్చా ఎస్టిమేట్ వేయించుకోండి. భూమి కొనడం, స్మారకాలు కట్టడం, ఎవరి సొంతానికో ఉపయోగపడే పనులు, ఆస్తికి మనిషి పేరు పెట్టడం ఏవీ కుదరవు.

ఎమ్మెల్యేతో ఎలా నెగ్గుకురావాలన్నది ఏ మార్గదర్శకాల్లోనూ ఉండదు. సెగ్మెంటులో తనకు తెలియకుండా రాయి పడితే ఊరుకోడు. జాబితా ఖాయమయ్యాక, పోర్టల్లో ఎక్కించే ముందు, ఒక మాట చెప్పండి. కానీ జాబితానే ఆయన్నుంచి తెప్పించుకోవద్దు. అలా మొదలైన చోట ఎంపీ నిధులు ఎమ్మెల్యే ఖాతాలో పనులవుతాయి, ఎంపీ ఏం చేశాడని జనం అడుగుతారు.

పని అయ్యాక ఎంబీ (కొలతల పుస్తకం) రికార్డు, చెల్లింపు పోర్టల్లో చూసుకోవచ్చు. అయినా ఒక మనిషి వెళ్లి ఫొటో తీయాలి. పని పేరు, ఖర్చు, సంవత్సరం, ఎంపీ పేరుతో శిలాఫలకం పెట్టాలన్నది నిబంధన. ఎన్నికల కోడ్ వస్తే కొత్త మంజూరులుండవు. మంజూరైనా నేల మీద మొదలుకాని పని మొదలుపెట్టకూడదు. మొదలైనవి నడుస్తాయి. అందుకే ఎన్నికల ఏడాదిలో ఉత్తర్వు చేతికొచ్చిన వారంలోనే ముగ్గు పోయించండి.

ప్రశ్న: పార్లమెంటులో అన్నిటికంటే చవకైన, పదునైన పనిముట్టు

ఊళ్లో జనానికి టీవీలో కనబడే ప్రసంగమే పార్లమెంటు. ఆఫీసు నడిపేవాళ్లకు మాత్రం ప్రశ్నే ముఖ్యం, అదీ నక్షత్రం లేని ప్రశ్న. నక్షత్రం ఉన్నవి, అంటే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పేవి, రోజుకు 20 మాత్రమే జాబితాకెక్కుతాయి. పదకొండు నుంచి పన్నెండు దాకా ఉండే గంటలో వాటిలోనూ కొన్నే చర్చకు వస్తాయి. నక్షత్రం లేనివి రోజుకు 230, అన్నిటికీ రాతపూర్వకంగా జవాబు. మంత్రి సంతకంతో సభ ముందుకొచ్చిన కాగితం అది. అందులో అబద్ధం రాస్తే సభను తప్పుదోవ పట్టించినట్టే. కలెక్టరు ఆఫీసు ఏడాదిపాటు ఇవ్వని అంకె ఈ జవాబులో మూడు వారాల్లో దొరుకుతుంది.

ఒక సభ్యుడు ఒక రోజుకు అయిదు నోటీసులు ఇవ్వవచ్చు. జవాబు రోజుకు కనీసం 15 పూర్తి రోజుల ముందు అందాలి. పూర్తి రోజులంటే నోటీసిచ్చిన రోజు, జవాబు రోజు రెండూ లెక్కలో రావు. డిసెంబరు 10న జవాబు కావాలంటే నవంబరు 24 దాటకూడదు. ఏ శాఖ ఏ వారం వస్తుంది, ఏ తేదీకి చివరి గడువు అన్న చార్టు సెషన్‌కు ముందే లోక్‌సభ బులెటిన్లో వస్తుంది. అది ప్రింటు తీసి, మీకు కావాల్సిన నాలుగు శాఖల చుట్టూ సున్నాలు చుట్టి గోడకు అంటించండి. ఎవరి ప్రశ్నలు తీసుకోవాలో లాటరీ తేలుస్తుంది కాబట్టి కోటా అయిదూ వాడాలి. రెండే ఇచ్చి రాలేదని బాధపడి లాభం లేదు.

ప్రశ్న 150 మాటలు దాటకూడదు. వాదన, వ్యంగ్యం, అభిప్రాయం అడగడం కూడదు. పూర్తిగా రాష్ట్రం చేతిలోని విషయమైతే తిప్పికొడతారు. ఎక్కువ ప్రశ్నలు పడిపోయేది ఇక్కడే. "మా మండలంలో రోడ్లు బాగాలేవు" అనేది రాష్ట్రం పని. అదే రోడ్డును కేంద్ర పథకం తలుపు గుండా అడగాలి. ఒక మచ్చు:

"గ్రామీణాభివృద్ధి శాఖ మంత్రి ఈ వివరాలు తెలుపుతారా: (ఎ) ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన నాలుగో దశ కింద ఆదిలాబాద్ జిల్లాలో అర్హమైనవిగా గుర్తించిన ఆవాసాలు ఎన్ని, మండలాల వారీగా, (బి) వాటిలో రోడ్డు మంజూరైనవి ఎన్ని, పొడవు, అంచనా విలువ ఎంత, (సి) అటవీ అనుమతి కోసం ఆగిన రోడ్లు ఏవి, ఏ తేదీ నుంచి, (డి) పూర్తిచేయడానికి పెట్టుకున్న గడువు ఏమిటి?"

జిల్లా పేరు, "మండలాల వారీగా" అన్న మాట, "ఏ తేదీ నుంచి" అన్న మాట, ఈ మూడూ లేకపోతే రాష్ట్రాల పట్టిక ఒకటి అతికించి పంపుతారు, తెలంగాణకు ఒకే ఒక లైను ఉంటుంది. ప్రశ్న రాసేముందు పథకం నిబంధన చదవాలి. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఈ నాలుగో దశలో 25,000 ఆవాసాలకు 62,500 కిలోమీటర్లు లక్ష్యం. 2011 జనాభా లెక్కల ప్రకారం మైదానంలో 500, అయిదో షెడ్యూలు గిరిజన ప్రాంతాల్లో 250 జనాభా ఉంటే అర్హత. గూడెంలో ఇప్పుడు 300 మంది ఉన్నా, 2011 లెక్కలో ఆ గూడెం విడిగా కాకుండా పక్క ఊళ్లో కలిసి ఉంటే చిక్కే. ముందు ఆ లెక్క సరిచూసుకుని, ఆవాసం పేరు జాబితాలో ఉందో లేదో జిల్లా పంచాయతీరాజ్ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) దగ్గర చూడండి. ఇదివరకే ఎవరైనా అడిగారేమో పార్లమెంటు వెబ్‌సైటు సన్సద్‌లో వెతకండి. అడిగి ఉంటే ఆ జవాబు తేదీని పట్టుకుని అక్కడి నుంచి ముందుకు అడగాలి.

జవాబులో "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" అనో, "పరిశీలనలో ఉంది" అనో ఉంటే నిరాశ పడొద్దు. అలాంటి మాటలు హామీ కింద లెక్కకొస్తాయి. మూడు నెలల్లో తీర్చాలి. తీర్చకపోతే హామీల కమిటీ శాఖను అడుగుతుంది. రిజిస్టర్లో వాటికి వేరే రంగు వేయండి.

చివరగా, జవాబు రాగానే దాన్ని తెలుగులో ఒక పేజీ చేసి అర్జీ ఇచ్చినవాళ్లకు పంపండి. ఇంగ్లిషు పీడీఎఫ్ పంపితే ఊళ్లో ఎవరూ తెరవరు.

377, జీరో అవర్

ప్రశ్న సమాచారం కోసం, 377 కోరిక కోసం. లోక్‌సభ నిబంధనల్లోని రూల్ 377 కింద సభ్యుడు వారానికి ఒక విషయం ఇవ్వవచ్చు, 250 మాటల లోపు. చదివినా, బల్ల మీద పెట్టినా శాఖ నుంచి జవాబు లెటరు వస్తుంది, దానికి నెల గడువు. కాబట్టి టీవీలో కనబడలేదని తేలిగ్గా తీసుకోవద్దు. గద్వాల-మాచర్ల రైల్వే లైను లాంటి పాత కోరికలను "వెంటనే వేయాలి" అని రాస్తే "లాభదాయకత చూస్తున్నాం" అని వస్తుంది. సర్వే ఏ దశలో ఉంది, నివేదిక రైల్వే బోర్డుకు చేరిందా లేదా అని ఒక మెట్టును పట్టుకుని రాయండి.

ప్రశ్నల గంట అయ్యాక వచ్చే జీరో అవర్ అప్పటికప్పుడు తగలబడుతున్న విషయానికి. వడగళ్లకు మామిడి పోయింది, పత్తి కొనుగోలు కేంద్రం మూతపడింది, అలాంటివి. దొరికేది నిమిషం, రెండు నిమిషాలు. మూడు వాక్యాలు చాలు: ఎక్కడ, ఏమైంది, ఎవరు ఏం చేయాలి. తెలుగులో మాట్లాడవచ్చు. ముందుగా లోక్‌సభ సచివాలయంలోని టేబుల్ ఆఫీసుకు చెబితే అనువాదం ఏర్పాటు చేస్తారు. ఊళ్ల పేర్లు, అంకెలు ఒక కాగితం మీద రాసి అనువాదకుల గదికి పంపితే నకిరేకల్లు నాగర్‌కర్నూల్ కాకుండా ఉంటుంది. సభ ఏడాదికి అరవై రోజులు అటూ ఇటుగా నడుస్తుంది. ఆ రోజుల్లో పెళ్లిళ్లకు ఒప్పుకోవద్దని ఎంపీ గారికి చెప్పే ధైర్యం ఆఫీసులో ఒకరికైనా ఉండాలి.

దిశ సమావేశం

కేంద్ర పథకాలను జిల్లాలో సమీక్షించే కమిటీ ఇది. అధ్యక్షుడు ఎంపీ, సభ్య కార్యదర్శి కలెక్టరు. మూడు నెలలకోసారి జరగాలి. జరిగేది మాత్రం చాలాచోట్ల ఏడాదికి ఒకటీ రెండే. ఎంపీ తేదీ ఇవ్వకపోతే కలెక్టరు అడగడు. తప్పు ఎక్కువగా మనవైపే.

ఎజెండాలో నలభై పథకాలుంటాయి. అన్నీ చదివిస్తే మధ్యాహ్న భోజనానికి ముగుస్తుంది, ఏదీ తేలదు. మూడు పథకాలు ఎంచుకోండి. వారం ముందు ఆ మూడింటినీ ఊళ్లలో చూసి రండి. మంచినీళ్లే తీసుకుందాం. జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. నలుగురున్న ఇంటికి 220 లీటర్లు, అంటే 20 లీటర్ల బకెట్లు పదకొండు. ఊరి చివరన, ఎత్తు మీదున్న కుళాయి దగ్గర నిలబడి, నీళ్లొచ్చే టైములో ఒక బకెట్ ఎన్ని నిమిషాల్లో నిండుతుందో ఫోనులో చూడండి. ఏడు నిమిషాలు పట్టి, నీళ్లు గంటే వదిలితే ఎనిమిదో తొమ్మిదో బకెట్లు. అధికారి తెరమీద "కుళాయి కనెక్షన్లు నూరు శాతం" అని చూపించినప్పుడు ఊరు పేరు, ఇల్లు, తేదీ, బకెట్ల లెక్క చెప్పండి. దానికి ఎదురు మాట ఉండదు. తెలంగాణలో మిషన్ భగీరథ డిజైనే పల్లెకు 100 లీటర్లు కాబట్టి అక్కడ ఇంకా గట్టిగా అడగవచ్చు.

గత సమావేశం నిర్ణయాలపై ఏం చేశారన్న నివేదికే మొదటి అంశం కావాలి. మినిట్స్ మీద సంతకం పెట్టేముందు చదవండి. "తగు చర్యలు తీసుకోవాలి" అని రాసిన ప్రతి చోటా అధికారి హోదా, తేదీ రాయించండి.

రైలు, రోడ్డు

హాల్టు అడిగేటప్పుడు రైలు నంబరు, స్టేషను, ఇప్పుడు ఆ రైలు ఆగే రెండు పక్క స్టేషన్ల దూరం, ఆ స్టేషన్లో నెలకు అమ్ముడయ్యే టిక్కెట్లు, చుట్టూ ఉన్న ఊళ్లు రాయాలి. మీ రైల్వే జోన్ జీఎం (జనరల్ మేనేజరు) ఎంపీలతో పెట్టే సమావేశానికి ఈ జాబితా ముందే పంపండి. హాల్టు వచ్చిందా, అసలు పని అప్పుడే మొదలవుతుంది. సాధారణంగా దాన్ని ప్రయోగాత్మకంగా ఆరు నెలలకు ఇచ్చి, ఆదాయం చూస్తారు. ఊళ్లో డప్పు వేయించైనా సరే, ఆ స్టేషన్లోనే టిక్కెట్టు కొనమని చెప్పాలి. పాసుల మీద, టిక్కెట్టు లేకుండా ఎక్కితే రైలు నిండుగానే ఉంటుంది, కాగితం మీద మాత్రం ఎవరూ ఎక్కనట్టే.

గేటు దగ్గర పైవంతెన కోరితే టీవీయూ అడుగుతారు. రోజుకు గేటు దాటే రైళ్లను వాహనాల యూనిట్లతో గుణిస్తే వచ్చే లెక్క అది. లక్ష దాటితే రైల్వే, రాష్ట్రం ఖర్చు పంచుకునే పద్ధతికి అర్హత. లెక్కింపు వారంపాటు జరుగుతుంది కాబట్టి అది సంత రోజు కలిసొచ్చే వారమయ్యేలా, పత్తి, ధాన్యం బండ్లు తిరిగే రోజుల్లో పడేలా అడగండి. దానికి బదులు అండర్‌పాస్ ఇస్తామంటే తొందరపడి ఒప్పుకోవద్దు. వర్షాకాలంలో నీళ్లు నిలిస్తే వరికోత మిషను, గడ్డి ట్రాక్టరు పోవు. నీళ్లు ఎటు పోతాయి, పంపు ఎవరు నడుపుతారు, ఎత్తు ఎంత అన్నవి డ్రాయింగు దశలోనే రాతలో తీసుకోవాలి. కట్టాక ప్రతి ఆఫీసూ తనది కాదంటుంది.

జాతీయ రహదారిపై ప్రమాదాలు జరిగే చోటుకు బ్లాక్‌స్పాట్ గుర్తింపు కావాలి. 500 మీటర్ల లోపు మూడేళ్లలో మరణాలు లేదా తీవ్ర గాయాలతో 5 ప్రమాదాలు, లేదా 10 మరణాలు. ఫొటోలు, ధర్నాలు కాదు, స్టేషన్ నుంచి ఎఫ్ఐఆర్ నంబర్లు తెచ్చి కిలోమీటరు రాయితో సహా పట్టికగా పెట్టండి. ఎఫ్ఐఆర్‌లో "ఊరి శివారున" అని మాత్రమే ఉంటే లెక్కలోకి రాదు. అందుకే ప్రమాదం జరిగిన రోజే కిలోమీటరు రాయించమని స్టేషనుకు చెప్పి ఉంచాలి.

వైద్యం లెటర్లు

ప్రధానమంత్రి సహాయ నిధికి వెళ్లే లెటర్లలో ఎక్కువ తిరిగి వచ్చేది ఒకే కారణంతో: ఆపరేషన్ అయిపోయింది. సీఎం సహాయ నిధికి డిశ్చార్జి అయ్యాక బిల్లులు పెట్టే అలవాటు మనవాళ్లకు ఉంది. ఇక్కడ అది చెల్లదు. చికిత్సకు ముందే దరఖాస్తు, డబ్బు నేరుగా ఆసుపత్రికి. ఆసుపత్రి నిధి జాబితాలో ఉన్నదై ఉండాలి. కావాల్సినవి: డాక్టరు సంతకం, ముద్ర ఉన్న అసలు ఎస్టిమేట్, రోగి ఫొటోలు రెండు, ఆదాయ ధ్రువపత్రం, చిరునామా రుజువు, రిపోర్టులు. ఎస్టిమేట్ జిరాక్సు పెడితే వెనక్కొస్తుంది. ఎంత ఇస్తారో మన చేతిలో లేదు, ఎస్టిమేట్ మొత్తం రాదు. ఆ సంగతి కుటుంబానికి లెటరు ఇచ్చే రోజే చెప్పండి, అప్పుకు వెళ్లేముందు వాళ్ల లెక్క వాళ్లు వేసుకుంటారు. ఆరోగ్యశ్రీ లేదా ఎన్టీఆర్ వైద్య సేవ, ఆయుష్మాన్ కార్డుతో అదే చికిత్స దొరుకుతుందేమో ముందు చూడండి. చాలాసార్లు దొరుకుతుంది, లెటరుతో పనే ఉండదు.